పాట కట్టుడు, పాడుడు, పెట్టె వాయించుడు: కోరుట్ల తమ్మునికి జవాబు

తమ్ముడు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్త, లేకపోతే చదివేటోళ్లకు నా జవాబు అర్థం కాదు. సొంతూరు కోరుట్ల, ఇప్పుడు హన్మకొండలో ఉంటూ ఇండ్లకు కరెంటు వైరింగు పని చేస్తడు. వయసు 26. సొంతంగా పాటలు రాసి, తానే పాడి, ఏదో ఒక వాయిద్యం కూడా వాయించాలని కోరిక. మూడింట్లో ముందు ఏది మొదలుపెట్టాలె, కీబోర్డు మంచిదా గిటారు మంచిదా, దోస్తులు గొంతు బాగలేదంటున్నరు, శాస్త్రీయ సంగీతం తప్పదా, ఈ వయసుల వస్తదా: ఇవీ ప్రశ్నలు. దాంతోపాటు అమ్మ మీద రాసుకున్న రెండు లైన్లు పెట్టిండు. అమ్మ బీడీలు చేస్తదట.

నా సంగతి కూడా చెప్పాలె. నేను విద్వాంసున్ని కాను. మాది పరకాల దిక్కు ఊరు. చిన్నప్పుడు చిరుతల రామాయణంలో (చేతుల్లో కట్టె చిరుతలు వాయించుకుంటూ ఆడే ఊరి నాటకం) వేషం కట్టిన, ఆ తర్వాత ముప్పై ఏండ్లు బడిపంతులు పని, సాయంత్రమైతే హార్మోనియం, మేం పెట్టె అంటం. రిటైరయినంక ఇంటికాడ పది పన్నెండు మంది పిల్లలకు, కొందరు పెద్దోళ్లకు కూడా నేర్పుతున్న. వాళ్లల్ల ఒకామె 52 ఏండ్లకు సరళీవరుసలు (శాస్త్రీయ సంగీతంల మొదటి పాఠాలు) మొదలుపెట్టింది. కాబట్టి వయసు ప్రశ్న ఇక్కడితో అయిపోయింది.

ముందు ఏది, తర్వాత ఏది అన్నదానికి వస్త. ఎండకాలం సెలవుల్లో మా ఊళ్లె గుడి ముందట చిరుతలు నేర్పేటోళ్లు. గురువుగారు పక్క ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేది. మొదటి వారం ఎవ్వరినీ పాడనియ్యలే. చేతుల్లో చిరుతలిచ్చి గుండ్రంగ నిలబెట్టి అడుగు వేయించిండు, అంతే. అడుగు, చిరుత, అడుగు, చిరుత. కాళ్లు నొప్పులు పుట్టేవి. రెండో వారం వంత పాడమన్నడు. వంత అంటే పెద్దోళ్లు పాడిన లైనును మేం గుంపుగ తిరిగి అనడం. నెల దాటినంక, ఎవని అడుగు తప్పుతలేదో వానికి ఒక పాట ఇచ్చిండు. హార్మోనియం దగ్గర కూచునే అవకాశం మాత్రం నాకు మూడో ఎండకాలంలో దొరికింది, అదీ గాలి తిత్తి ఊదటానికి. పాట కట్టే ధైర్యం ఇంకా ఎన్నేండ్లకో వచ్చింది. అంటే నువ్వు అనుకున్నట్టు ఇవి మూడు వేరువేరు సబ్జెక్టులు కావు. ముందు కాలు, తర్వాత గొంతు, ఆ తర్వాత చెయ్యి, అన్నిటికంటె ఆఖరున కలం. నువ్వు కలంతో మొదలుపెట్టినవు. చానామంది అట్లనే చేస్తరు, నోటుబుక్కుల నిండా పాటలుంటయి, ఒక్కటి కూడా నోట్లె తిరగదు.

మన దగ్గర పాట రాసిండు అనకపోయేది పాతోళ్లు, పాట కట్టిండు అనేది. గోడ కట్టినట్టు, మూట కట్టినట్టు. ఆ మాటలోనే పని ఉంది.

కాబట్టి మొదటి నెల తాళం ఒక్కటే. దానికి ఏ వాయిద్యమూ కొనకు. పనికి నడిచిపోయేటప్పుడు అడుగుతో పాటు నోట్లె అనుకో: తకిట తకిట (మూడు), తకధిమి తకధిమి (నాలుగు), తక తకిట (ఐదు), తకిట తకధిమి (ఏడు). అడుగు ప్రతిసారి ‘త’ మీదనే పడాలె. మూడు, నాలుగు రెండు రోజుల్లో వస్తయి. ఐదు, ఏడు దగ్గర కాలు తడబడతది. తడబడనీ. సినిమా పాటయినా, బతుకమ్మ పాటయినా, భజన అయినా ఎక్కువ భాగం మూడు, నాలుగు నడకలోనే ఉంటయి. తబలా వాళ్లు దాద్రా అనేది ఆరు మాత్రలు (మాత్ర అంటే తాళంల ఒక లెక్క): ధా ధిన్ నా, ధా తిన్ నా. కెహర్వా ఎనిమిది. ఈ రెండు చెవికి పడితే నువ్వు విన్న పాటల్లో ముప్పాతిక భాగానికి తొడ మీద తాళం వెయ్యగలుగుతవు.

ఒక పరీక్ష చెప్త. తాళం వేసుకుంటూ పాట పాడు, మధ్యల పాట ఆపు, తాళం ఆపకు, ఎనిమిది దెబ్బలైనంక మళ్లా అందుకో. అందుకున్నప్పుడు మాట సరిగ్గా దెబ్బ మీద పడిందా? పడితే తాళం నీ ఒంట్లకు వచ్చినట్టు. మైకు ముందట పది మంది మంచి గొంతులోళ్లను నిలబెడితే ఆరుగురు ఈ పరీక్షల పోతరు.

వీలైతే ఒక డప్పు గురువును పట్టుకో. డప్పు చూడటానికి చిన్న పని లెక్క కనపడతది. కట్టె చట్రం, మేకతోలు, కుడిచేతిల పొట్టి చిర్ర, ఎడమచేతిల సన్నటి సిటికెన పుల్ల. చిర్ర అసలు దెబ్బ వేస్తది, పుల్ల మధ్యలోని సందులు నింపుతది. రెండు చేతులు రెండు లెక్కలు నడపాలె, అదీ నిలబడి, అడుగు వేసుకుంటూ. పెండ్లికి ఒక దరువు, సావుకు ఒక దరువు, బోనాలకు ఒకటి. వానకాలం తోలు చెమ్మ పట్టి బొదబొద మంటది, మంట దగ్గర కాపితే మళ్లా కంగుమంటది. కీబోర్డు నేర్చుకుంటున్న అంటే ఇంట్ల సంబరపడేటోళ్లు డప్పు అంటే మొహం ముడుస్తరు, ఎందుకో మనందరికీ తెలుసు. తెలంగాణ ఉద్యమంల ధూంధాం వేదికల మీద అదే డప్పు ముందట నడిచింది. నేర్పినోనికి ఫీజు ఇయ్యి, గురువు అని పిలువు. యాభై రూపాయలు చేతిల పెట్టి ‘జర నేర్పు’ అనకు.

ఇప్పుడు నీ పాట. నువ్వు పంపింది:

కష్టాల కడలిలో కరుణామయి నా తల్లి
బీడీలు చుట్టుతూ బ్రతుకీడ్చె నా తల్లి

కోపం తెచ్చుకోకు. కోరుట్ల నుంచి సముద్రం ఎంత దూరం తమ్మీ? మీ అమ్మ ఎన్నడన్న కడలి చూసిందా? ఆమె చూసిన నీళ్లు చెరువుల నీళ్లు, ఆకు తడిపే బకెట్ల నీళ్లు. ‘కరుణామయి’ సినిమా పోస్టర్ మీది మాట. నీ రెండు లైన్లల్ల మీ అమ్మ లేదు, ఎవల అమ్మనో ఉంది. కానీ అదే మెసేజ్ కింద, పాటల కాదు, మామూలుగ ఒక మాట రాసినవు: ‘అమ్మ వేళ్లు అరిగిపోయి ఆధార్ మిషన్ల వేలిముద్ర పడ్తలేదు సార్’. ఆ ముక్క చదివి నేను ఫోన్ పక్కన పెట్టిన కొద్దిసేపు. పాట అక్కడుంది. నువ్వు దాన్ని పాట కాదనుకొని బయట పెట్టినవు.

సరే, దాన్ని మూడు మాత్రల నడకలో కట్టి చూద్దాం. లెక్క సులువు. పొట్టి అక్షరం ఒక మాత్ర. దీర్ఘం రెండు. సున్న ఉన్న అక్షరం రెండు. ఒత్తక్షరానికి ముందున్నది కూడా రెండు. ‘అమ్మ’ అంటే అ రెండు, మ్మ ఒకటి, మొత్తం మూడు. ‘ఆకు’ మూడు. ‘ఏలు’ మూడు. చూసినవా, మనింట్ల మాటలు చానా మట్టుకు తకిటలోనే పుట్టినయి.

ఆకు మీద ఆకు ఏసి అమ్మ ఏలు అరిగిపాయె
కట్ట మీద కట్ట పేర్చి కంటి నిదుర కరిగిపాయె

తాళం వేసుకుంటూ చదువు. ఆకు, మీద, ఆకు, ఏసి: నాలుగు మూళ్లు పన్నెండు. అమ్మ, ఏలు, అరిగి, పాయె: మళ్లా పన్నెండు. ఎక్కడా గుంజాల్సిన పని లేదు, నొక్కాల్సిన పని లేదు. అయినా రెండో లైను నాకు నచ్చలే. ‘అరిగిపాయె’కు జోడి కావాలని ‘కరిగిపాయె’ తెచ్చిన. నిదుర కరుగుతదా? మా ఇంట్ల ఎవలూ అట్లనరు. నిదుర ఎగిరిపోతది. ‘కంటి నిదుర ఎగిరిపాయె’. మాత్రలు అవే, ప్రాస కొంచెం పలచబడ్డది, మాట మాత్రం నిజమైంది. ప్రాస వచ్చి నిజాన్ని పక్కకు తోస్తే ప్రాసనే తీసెయ్యి. ఇది నాకు పదిహేనేండ్లు పట్టింది తెలిసేసరికి.

మూడో లైనుకు బీడీల లెక్క పెడదామని ముందు ఇట్ల అనుకున్న: ‘ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట’. కూడితే పద్దెనిమిది మాత్రలు, మూడుతోని భాగారం పోతది, కాయితం మీద తప్పు లేదు. కానీ పాడి చూడు. ఇ, ర అయినంక ‘వై’ దగ్గర మూడో మాత్రా, తర్వాతి దెబ్బా రెండూ ఒక్క అక్షరం కడుపులనే పడతయి. అందుకే నోరు కుంటుతది. అదే ‘పాతికేసి కట్టగట్టి’ అంటే పా తి, కే సి, కట్ట, గట్టి: దెబ్బ దెబ్బకు కొత్త ముక్క మొదలైతది.

పాతికేసి కట్టగట్టి పలక చేతికిచ్చె నాకు
ఏలిముద్ర పడతలేదు

ఇక్కడ నేను ఆగిన. ఏలిముద్ర కూడా పన్నెండు మాత్రలల్ల ఇమిడింది, కానీ దాని ఎనక వచ్చే సగం లైను నేను రాయ. అది నీది.

నడక మారితే పాట మనసే మారుతది, అది కూడా చూపిస్త. అదే అమ్మను ఏడు మాత్రల్లో పెట్టు, మూడు నాలుగు, మూడు నాలుగు:

అమ్మ చేతుల ఆకు వాసన
అన్నమంతా అదే వాసన

గురజాడ ముత్యాలసరం నడక ఇదే. మూడు మాత్రల పాట గుంపుతోని పాడేది, కాలు కదులుతది. ఏడు మాత్రలది ఒక్కడే కూచొని తలుచుకునేది. నీకు ఏది కావాలో ముందు నడకను బట్టి తేల్చుకో, తర్వాత మాటలు. చానామంది మాటలు రాసి ‘దీనికి ట్యూన్ పెట్టండి సార్’ అని వస్తరు. నేను మొదట వాళ్ల నడక వెతుకుత, దొరకదు, ఒక్కో లైను ఒక్కో తీరుగ ఉంటది.

అయితే ఈ లెక్కలకు బానిసవు కాకు. కాయితం మీది లెక్క వేరు, నోటి లెక్క వేరు. ‘ఉయ్యాలో’ల మూడు అక్షరాలూ రెండేసి మాత్రలవే, మొత్తం ఆరు, తకిటలల్ల విడగొడితే ‘య్యా’ సరిగ్గా మధ్యల చీలుతది. అయినా మన అమ్మలక్కలు ఎన్ని తరాల నుంచి పాడుతున్నరు, ఎవల అడుగూ తప్పలే. సాగదీసే జాగ ఎక్కడో వాళ్ల నోటికి తెలుసు. ఆ ఉయ్యాలోకు ఇంకో పని కూడా ఉంది, బతుకమ్మ ఆటల మధ్యల నిలబడి పాడించే ఆమెను గమనించు. గుంపు వంత అందుకున్నంతసేపు ఆమె ఊపిరి పీల్చుకుంటది, తర్వాతి లైను తలుచుకుంటది, తలపుకు రాకపోతే అప్పటికప్పుడు కడతది. అందుకని నీ మొదటి పాటలు వంత ఉన్నవే కట్టు. ఒక్కనివే ఉంటే ఫోన్లో వంత రికార్డు చేసి పెట్టుకో. పాతకాలపు కవి పాల్కురికి సోమన తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు అని లెక్క చెప్పిండు. ‘తుమ్మెదా’ అంటూ గుంపు అందుకునే పాటలు మనకు ఇప్పటికీ ఉన్నయి. ఈ దారి మనకు కొత్త కాదు.

బాణీ ఎక్కడ నుంచి వస్తది? లైనును మామూలుగ, కోపంగ, ఏడుస్తున్నట్టు, మూడు తీర్ల మాట్లాడి చూడు. మాట ఎక్కడ లేస్తదో, ఎక్కడ దిగుతదో అక్కడనే రాగం మొలక ఉంటది. మన జానపద బాణీలు చానా వరకు నాలుగైదు స్వరాల లోపల్నే తిరుగుతయి. కాబట్టి మొదట్లో పైకి పోవాలని ఆశపడకు. వచ్చిన బాణీ వచ్చినట్టే ఫోన్లో పెట్టుకో, మాటలు లేకున్నా సరే, ‘ననన’ అన్నా సరే. నిచ్చెన మీద ఉన్నప్పుడు వచ్చిన బాణీ కిందికి దిగేవరకు ఉండదు. (నిచ్చెన మీద ఫోన్ తియ్యమని నేను చెప్తలేను. దిగి తియ్యి.)

గొంతు సంగతి. దోస్తులు బాగలేదన్నరు, నువ్వు కూడా రికార్డింగు విని అదే అనుకున్నవు. రికార్డులో సొంత గొంతు అందరికీ పరాయిగనే వినపడతది. మనం మాట్లాడేటప్పుడు మన శబ్దం గాలిలోంచే కాదు, పుర్రె ఎముకలోంచి కూడా చెవికి చేరుతది, అందుకని లోపల బరువుగ, నిండుగ ఉంటది. ఫోన్ల ఆ ఎముక లేదు. రెండు నెలలు విను, అలవాటైతది. అసలు అనుమానం వేరే ఉంది నాకు. నువ్వు పంపిన ఆడియోల ఎవరో సినిమా గాయకుని శృతిలో (శృతి అంటే పాటకు ఆధారంగ పట్టుకునే ‘స’ ఎత్తు) పాడబోయి గొంతు చింపుకున్నవు. చానామంది గొంతు బాగలేనిది కాదు, శృతి వాళ్లది కానిది.

హార్మోనియం భాషల ఒకటి శృతి అంటే కీబోర్డు మీద సి మెట్టు, ఒకటిన్నర దాని పక్క నల్లమెట్టు, రెండు అంటే డి, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జి. మగోళ్లకు మామూలుగ ఒకటి నుంచి రెండున్నర మధ్యల కుదురుతది, ఆడోళ్లకు నాలుగు నుంచి ఆరు మధ్యల. నీది కనుక్కోవాలంటే: ఒక ‘స’ పట్టుకొని కిందికి మంద్ర పంచమం (ఆ ‘స’ కిందున్న ‘ప’) దాకా దిగు, అది గురక లెక్క కాకుండ స్వరం లెక్క వినపడాలె. పైకి తార గాంధారం (పై ‘స’ దాటినంక వచ్చే ‘గ’) దాకా పో, అది అరవకుండ అందాలె. రెండూ కుదిరిన ‘స’ నీ శృతి. తంబూరా యాప్‌లు ఫోన్లో ఉచితంగ దొరుకుతయి. ఆ శృతి పెట్టుకొని పొద్దున పది నిమిషాలు ఒక్క ‘స’ మాత్రం ‘ఆ’ కారంతోని నిలుపు. గొంతు తంబూరాలో కలిసినప్పుడు నీ శబ్దం నీకు వినపడకుండ పోయినట్టుంటది. ఆ అనుభవం ఒక్కసారి తెలిస్తే తప్పు శృతి జన్మల పట్టవు.

ఇది ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్నంటే, నేను గొంతు పోగొట్టుకున్నోన్ని. 1990ల మొదట్ల అక్షరాస్యత కళాజాతల్ల తిరిగినం. రాత్రికి రెండు మూడు ఊర్లు, సగం ఊర్లల్ల మైకు ఉండకపోయేది. మా జట్టుల ఒకాయన నాలుగు శృతిలో ఖంగున పాడేది, జనం ఈలలు వేసేది. నాది ఒకటిన్నర. ఆయనతోని పోటీపడి మూడు వారాలు నాలుగుల అరిచిన. నాలుగో వారం పొద్దున లేస్తే మాటనే లేదు. డాక్టరు చూసి స్వరతంత్రుల మీద చిన్న కాయలు లేచినయన్నడు, నెల రోజులు మౌనం. గుసగుస కూడా వద్దన్నడు, గుసగుసతోని గొంతు ఇంకా బిగుసుకుంటదట. తగ్గింది గానీ, పైన ఒక రెండు స్వరాలు నాకు ఇప్పటికీ గీరుకుంటనే వస్తయి.

మిరియాలు, కరక్కాయ, తేనె: నోటికి హాయిగ ఉంటయి, వద్దనను. కానీ మింగింది ఏదీ స్వరతంత్రులకు తగలదు, అవి ఊపిరి గొట్టంల ఉంటయి, తిండి గొట్టంల కాదు. నీళ్లు కూడా ఒంట్లకు ఇంకి వచ్చి గొంతును తడపాలె. కాబట్టి పాటకు ఐదు నిమిషాల ముందు కాదు, పొద్దటి నుంచి తాగుతుండాలె. డీజే పక్కన నిలబడి మాట్లాడకు. నీ వైరింగు పనిల గోడలకు గాడి కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో. ఆ సిమెంటు దుమ్ము మాత్రం నేరుగ అక్కడికే పోతది.

వాయిద్యం. నువ్వు పాడేటోనివి, కాబట్టి నీ వాయిద్యం నీ గొంతుకు తోడు పోవాలె, దానికి అదే ఊరేగొద్దు. నా మాట: కీబోర్డు, లేదంటే హార్మోనియం. గిటారు మీద నీకు నిజంగ మోజుంటేనే తీసుకో. తీగల మీద వేళ్లు గట్టిపడే వరకు మూడు నాలుగు వారాలు మండుతయి. నువ్వు పగలంతా వైరు పీకేటోనివి, నీకు ఆ బాధ తక్కువనే. కానీ గిటారు క్లాసుల్లో మొదట కార్డులు (కొన్ని స్వరాలు ఒక్కసారే కలిపి మోగించుడు) నేర్పుతరు, మన బాణీలు ఒంటి స్వరం మీద నడిచేవి, ఆ రెండింటిని కలపడం మొదటి ఏడాది తలనొప్పి.

కీబోర్డు కొంటే 61 మెట్లది, మెట్టు పూర్తి సైజుదే కొను. పిల్లల బొమ్మ కీబోర్డు మీద నేర్చుకున్న వేలు పెద్ద దాని మీద దారి తప్పుతది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకటుంటది, నొక్కితే ఏ శృతి అయినా తెల్లమెట్ల మీదికి వచ్చేస్తది. ఏడాది దాకా దాన్ని ముట్టకు. అది అలవాటయినోడు కరెంటు లేని హార్మోనియం ముందట కూచుంటే చేతులు కట్టేసినట్టు అయితది.

హార్మోనియం పాతది కొంటే ఒక చిట్కా: ఒకే వరుస రీడ్లు (లోపల మోగే రేకులు) తెరిచి, ఒక ‘స’, దాని పై ‘స’ రెండు మెట్లు ఒక్కసారే నొక్కు. శబ్దం నిలకడగ ఉంటే మంచిది. వావ్ వావ్ మని అలల లెక్క ఊగితే రీడ్లు శృతి తప్పినట్టు. తిత్తి నింపి చెయ్యి తీసెయ్యి, మెట్టు నొక్కకుండనే గాలి గబగబ దిగిపోతే ఎక్కడో కారుతున్నట్టు. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలె. హార్మోనియంల రెండు మెట్ల నడుమ జాగ లేదు, మన గమకాలన్నీ (స్వరాన్ని ఊపుడు, జార్చుడు) ఆ నడుమనే ఉంటయి. అందుకనే 1940లో ఆలిండియా రేడియో దాన్ని పక్కన పెట్టింది, 1971 దాకా రానియ్యలే. మా భజనలోళ్లు అది పట్టించుకోలేదనుకో. నేర్చుకునేటప్పుడు మాత్రం పెట్టెను అనుకరించి పాడకు. స్వరం ఎక్కడుందో పెట్టె చూపిస్తది, అక్కడికి ఎట్ల పోవాలో తంబూరా మీద గొంతే వెతుక్కోవాలె.

మొదటి పాఠం: నీకు బాగ వచ్చిన బతుకమ్మ పాట ఒకటి తీసుకొని, దాని ఆఖరు అక్షరం ఏ మెట్టు మీద నిలబడుతదో వెతుకు. చానా మట్టుకు అదే ‘స’. అక్కడ నుంచి ఒక్కో అక్షరానికి మెట్టు వెతుక్కో. మొదటి పాటకు వారం పడతది. మూడో పాటకు రెండు గంటలు. యూట్యూబు పాఠాలు చూసి మెట్ల మీద స్టిక్కర్లు అంటించుకోవడం కంటె ఇది వెయ్యి రెట్లు నయం.

శాస్త్రీయం తప్పదా అన్నవు. తప్పదు అనను. కోయ డోలు మీద సమ్మక్క సారలమ్మ కథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, ఆయన సరళీవరుసల దారిల రాలే. కానీ ఆయనకు పుట్టినప్పటి నుంచి ఆ పాట చుట్టుముట్టూ ఉండేది. నీకు ఉన్నది చెవుల ఇయర్‌ఫోన్లు. కాబట్టి ఒక ఏడాదన్న సరళీ, జంట, అలంకారాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో చెయ్యి. అవి మాయామాళవగౌళ రాగంల ఉంటయి. ఆ రాగంల స రి గ మ మధ్య ఎంతెంత దూరాలో ప ద ని స మధ్య కూడా అంతే దూరాలు, అందుకే పిల్లల గొంతుకు తొందరగ పడతది. ఒకటి శృతిలో వాయిస్తే రి, ద రెండే నల్లమెట్లు, మిగిలినవన్నీ తెల్లవి. నువ్వు ఉండేది హన్మకొండ, మన దగ్గర విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. సర్టిఫికెట్ నాలుగేండ్లు, ఆ పైన డిప్లొమా రెండేండ్లు. టైమింగులు నీ పనికి కుదురుతయా లేదా ఒకసారి పోయి అడుగు. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం కూడా వరంగల్లనే ఉంది. పాటల పుట్టుపూర్వోత్తరాలు తెలిసినోళ్లు అక్కడ దొరుకుతరు.

రోజుకు ఎంతసేపు? నీకు పని ఉంది, నలభై నిమిషాలు చాలు. కానీ ఆదివారం నాలుగు గంటలు కూచొని మిగిలిన ఆరు రోజులు ఎగ్గొడతానంటే రాదు. గొంతు కూడా కండలాంటిదే.

యూట్యూబుల పెట్టుడు గురించి నువ్వు అడగలే, కానీ రేపు అడుగుతవు. పాట కట్టిన క్షణం నుంచి హక్కు నీదే, రిజిస్ట్రేషన్ చేయించినా చేయించకున్నా. రచయిత బతికున్నంత కాలం, పోయినంక ఇంకో 60 ఏండ్లు ఆ హక్కు ఉంటది. 2012లో చట్టం సవరించినంక రచయితకు, బాణీ కట్టినోనికి రాయల్టీల వాటా ఉంటది, కంపెనీకి రాసిచ్చేసినా ఆ వాటా పోదు. చట్టం ఇంత బాగుంది. నా అనుభవం చెప్త విను. నేను కట్టిన కలుపు పాటను ఒక ఛానలోళ్లు మంచి మాటలు చెప్పి పాడించుకున్నరు, విడుదలైనంక చూస్తే సాహిత్యం దగ్గర ‘జానపదం’ అని ఉంది. అడిగితే ‘సార్, అచ్చం జానపదం లెక్కనే ఉంది కదా, పొగడ్త అనుకోండి’ అన్నడు. నా చేతిల కాయితం ముక్క లేదు. నువ్వు పాట ఇచ్చే ముందు పేరు ఎక్కడ పడతదో, పైసలు ఎట్ల పంచుకుంటరో ఒక కాయితం మీద రాయించుకో. పాడి రికార్డు చేసిన మొదటి ఆడియోను తారీఖుతోని సహా నీకు నువ్వే మెయిల్ చేసుకొని దాచుకో. అట్లనే, ఊళ్లె ముసలమ్మ దగ్గర విన్న పాటకు నీ పేరు పెట్టుకోకు. సేకరణ అని రాసి ఆమె ఊరి పేరు రాయి.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఆ ‘ఏలిముద్ర పడతలేదు’ తర్వాతి సగం కట్టు. వాయిద్యం ఏదీ లేకుండ, తొడ మీద తాళంతోని, నీ శృతిలో పాడి రికార్డు చెయ్యి. నాకు పంపే ముందు కోరుట్ల పోయినప్పుడు మీ అమ్మకు వినిపించు. నేను జన్మల బీడీ చెయ్యలే, చూసింది కూడా దూరం నుంచే. ‘ఆకు మీద ఆకు ఎవలు ఏస్తర్రా, ఆకుల తంబాకు ఏసి చుడతరు గని’ అని ఆమె నవ్వితే నా మొదటి లైను కొట్టెయ్యి. ఆమె నోట్లె నుంచి వచ్చిన మాటనే పెట్టు. అది పన్నెండు మాత్రలల్ల ఇమడకపోతే అప్పుడు రాయి నాకు, ఇద్దరం కూచుందాం.